గురువారం సంఘం

మా ఉపదేశిగారు పోయారు. పది రోజులైంది. పొద్దుటి షిఫ్టు దిగి గేటు బయట సైకిలు కోసం చీటీ ఇస్తే, స్టాండు దగ్గర కూర్చునే, ఉతై ఊరి ముసలాయన చీటీ చేతిలో పట్టుకుని నా ముఖంలోకి చూసి, "బాబా నహీ రహే, భయ్యా" అన్నాడు. ఏ బాబా అని నేను అడగలేదు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న మా మరోదాలో తెలుగువాళ్ళకి ఆయన అయ్యగారు, మిగతా అందరికీ బాబా. నేను మాత్రం ఒక వెర్రి మాట అన్నాను. "ఇవాళ మంగళవారం కదా, ఆరాధన ఉంది కదా" అన్నాను. మంగళవారం ఆరాధనేమిటని మీకు అనిపిస్తుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఉపదేశి అంటే చెప్పాలి. ఆయన పాస్టరు కాదు. పాస్టరుగారు దుర్గ్ నుంచి నెలకొకసారి వచ్చి ప్రభు భోజనం ఇచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో పాట, వాక్యం, ప్రార్థన, రోగుల్ని చూడడం, మొగుడూ పెళ్ళాల తగువులు తీర్చడం, అన్నీ ఉపదేశిగారి నెత్తినే ఉండేవి. అంతకుముందు ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదకి పోవాలో ఆ పట్టా మార్చే పని. రిటైరయ్యాక అమ్మగారితో మరోదా వచ్చి, మా రేకుల గుడి వెనక ఒంటి గదిలో ఉండిపోయారు.

ఆయనకి సైకిలు తొక్కడం రాదు. కానీ సైకిలు లేకుండా ఇంట్లోంచి కదిలేవారు కాదు. నడిపించుకుంటూ తిరిగేవారు. దాని మీద ఎవరిదో రేషను గోధుమల సంచీ ఉండేది, లేకపోతే కాలు విరిగిన ఎవరో మనిషి ఉండేవాడు. "తొక్కడం నేర్చుకోవచ్చు కదండీ" అని నేను ఎగతాళి చేస్తే, "తొక్కితే నేనొక్కణ్ణే ఎల్తాను బాబూ, నడిపిస్తే సామానెల్తాది" అనేవారు. టీ కొట్లో కూడా గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకునేవారు, రెండు ముక్కల్లో ముగించేవారు. టీ చల్లారిపోయేంత ప్రార్థన దేవుడికీ విసుగేనని ఆయన లెక్క. ఇక ఆయన పాట సంగతి నన్నడక్కండి. ఆయన గొంతుకీ రాగానికీ ఎప్పుడూ పడేది కాదు. అయినా గట్టిగానే పాడేవారు.

ఒక ఆదివారం ప్రసంగానికి లేచి నిలబడి, "నిన్న ఒంట్లో బాగోలేదని ఒకరింటికి కబురు పెట్టినాను. ఒళ్ళు బాగానే ఉంది. ఎండకి బద్దకించినాను. ఆ ఇంటోళ్ళు ఇక్కడే ఉన్నారు, క్షమించండి" అన్నారట. ఆ తర్వాతే వాక్యం తెరిచారట. నేను ఆ రోజు లేను. డ్యూటీలో ఉన్నాను. ఆదివారం ఏం జరిగినా నాకు వినికిడే.

నేను భిలాయి వచ్చేటప్పటికి మొదటి ఫర్నేసు వెలిగించి ఏడాది తిరిగింది. బొబ్బిలి దగ్గర పల్లెటూరు మాది. కోక్ ఒవెన్ల మీద పని దొరికింది. ఆ బొగ్గు పొయ్యిలు ఒకసారి వెలిగిస్తే మరి ఆర్పకూడదు. పండగ లేదు, ఆదివారం లేదు. వారానికొక రోజు ఛుట్టీ ఉంటుంది గానీ అది ఎవరికి ఏ రోజు వస్తే ఆ రోజే. నా వాటాకి గురువారం వచ్చింది. ఊళ్ళో మా అమ్మ ఆదివారం గుడికి పోకపోతే అన్నం పెట్టేది కాదు. ఇక్కడ నేను ఆదివారాల్లో పొయ్యిల మీద, అడుగు మాడకుండా చెక్క చెప్పులేసుకుని నడుస్తున్నాను. ఒకనాడు బజారులో ఉపదేశిగారు ఆపి పలకరిస్తే ఆ దిగులంతా వెళ్ళగక్కాను.

"అయితే గురువారమే రా. తొమ్మిదింటికి" అన్నారు.

"గురువారం ఎవరుంటారండీ?"

"నువ్వుంటావు కదా. హాల్టులో ఒక్కడు నిలబడినా పాసింజరు బండి ఆగుతాది బాబూ."

ఏదో ప్రార్థన చేసి పంపిస్తారనుకుని వెళ్ళాను. ఓరి నాయనోయ్! ఆదివారం ఆరాధన మొత్తం చేశారు. తెల్ల చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చారు. మూడు పాటలు, రెండు వాక్యాలు, కానుక సంచీ, అన్నీ అయ్యాయి. అమ్మగారు ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ వచ్చి పక్క బెంచీ మీద కూర్చున్నారు. రష్యా నుంచి యంత్రాలొచ్చిన పెట్టెల చెక్కతో చేసిన బెంచీలవి, ఆ దేశం అక్షరాలు వాటి మీద ఇంకా ఉండేవి. ఆయన నా ముఖం చూసి "ప్రియమైన సంఘమా" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ గంటసేపూ కునుకు తీయడానికి కూడా వీల్లేకపోయింది, సంఘమంతా నేనే అయితే ఇంకేం నిద్ర! చివర్లో దీవెన ఇచ్చి, "వచ్చే గురువారం ఆరాధన ఇదే సమయానికి జరుగును" అని ప్రకటన కూడా చేశారు. నవ్వాపుకోలేక అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

అలా నాలుగేళ్ళు వెళ్ళాను. పెళ్ళయ్యాక నా భార్యా వచ్చేది. సంఘం రెట్టింపైందని అయ్యగారు మురిసిపోయారు.

తర్వాత మాకు ఆడపిల్ల పుట్టింది. వానాకాలం. పదిహేడో రోజున జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. డాక్టరు మందిచ్చారు. ఉపదేశిగారు గొడుగు పట్టుకుని బురదలో వచ్చి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. లేచి, ఏడుస్తున్న నా భార్యతో "పిల్లకేటీ అవదమ్మా. దేవుడున్నాడు కదా, ఏటీ అవదు" అన్నారు. ఆ మాట పట్టుకుని మేమిద్దరం కాస్త అన్నం తిన్నాం. మర్నాడు పొద్దున్నే పిల్ల పోయింది. బాప్తిస్మం కాలేదు. పేరైనా పెట్టలేదు.

పూడ్చి వచ్చాక ఆయన మా గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఒళ్ళు తెలియని కోపం. నాది మొదటి నుంచీ చెడ్డ నోరు. నలుగురూ చూస్తుండగా అరిచాను.

"ఏటీ అవదన్నారు కదా అయ్యగారూ! ఎల్లి మీ దేవుణ్ణే అడగండి, నా పిల్లనెందుకు తీసుకున్నాడో. జవాబు తెచ్చినాకే నా గుమ్మం తొక్కండి."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

నేను గుడికి వెళ్ళడం మానేశాను. ఇంట్లో ప్రార్థన మానేశాను. భోజనం ముందు నా భార్య కళ్ళు మూసుకుంటే కంచం చప్పుడు చేసేవాణ్ణి. ఎంత నీచమో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన మాత్రం మా గుమ్మం తొక్కలేదు. బజారులో ఎదురైతే సైకిలు పట్టుకుని పక్కకి తప్పుకునేవారు. ఎన్నో ఇళ్ళకి తిరిగే మనిషి మా వీధికే రాకపోవడం నాకు ఇంకా మంటగా ఉండేది. వస్తే తిట్టేవాణ్ణి, రాకపోతే రాలేదని తిట్టుకున్నాను.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒక గురువారం సైకిలు బాగు చేయించుకుందామని గుడి వైపు వెళ్ళాను. పాట వినబడింది. ఆ గొంతు ఇంకెవరిదవుతుంది? కిటికీలోంచి చూశాను. బెంచీలన్నీ ఖాళీ. అమ్మగారు కూడా లేరు. ఆయనొక్కరే తెల్ల చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, ఖాళీ బెంచీలకి ఎదురుగా నిలబడి పాడుతున్నారు. నా రక్తం మరిగింది. ఊరంతా చూసి నా గురించి చెప్పుకోవాలనే కదా ఈ నాటకం అనుకున్నాను. చెప్పులతోనే లోపలికి దూసుకెళ్ళాను.

"ఎవరికండీ ఈ ఆరాధన? నన్ను సిగ్గుపర్చడానికా?"

ఆయన పాట ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కాదు బాబూ. నువ్వడగమన్నావు కదా. అడుగుతన్నాను."

"ఏటడుగుతన్నారు?"

"పిల్లనెందుకు తీసుకున్నావని. ఆదివారం అందర్లో అడగలేకపోతన్నాను, జనం బెదిరిపోతారు. గురువారమైతే మన రోజు కదా, ఎవరూ ఉండరు. పాట పాడతాను, వాక్యం చదువుతాను, అప్పుడడుగుతాను."

నాకింకా పొగరు చావలేదు కదా, వెటకారంగానే అడిగాను. "ఏటన్నాడేటి మరి?"

"ఇంకా ఏటీ అనలేదు" అన్నారు. "అందుకే నీ గుమ్మానికి రాలేదు. ఉత్త చేతుల్తో ఎలగొస్తాను?"

దగ్గరున్న బెంచీ మీద కూలబడ్డాను. అప్పుడాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ వయసు మనిషి, నా కన్నా ముప్ఫై ఏళ్ళు పెద్ద, నా చెయ్యి పట్టుకున్నారు. "ఏటీ అవదని దేవుడు చెప్పలేదు బాబూ. మీ ఆవిడ ఏడుపు చూడలేక నేనే అనీసినాను. ఆయన అనని మాట ఆయన పేరు మీద అన్నాను. తప్పు నాది. నన్ను క్షమించు" అన్నారు. క్షమించానని నేను అనలేదు. పిల్ల పోయాక మొదటిసారి ఏడ్చాను. ఆయన ఆపలేదు, ఓదార్చలేదు. నేను కాస్త నెమ్మదించాక లేచి, వదిలేసిన పాట మొదటి నుంచి అందుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. "నాకు తెల్సు. అమ్మగారు ఎప్పుడో చెప్పినారు. చెప్తే గొడవకెల్తారని ఊరుకున్నాను" అంది.

మళ్ళీ గురువారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. నమ్మకం మర్నాడే తిరిగి వచ్చేసిందని రాస్తే అది అబద్ధం. చాలా వారాలు ఊరికే కూర్చుని వచ్చాను. ఆయన కూడా నా చేత ప్రార్థన చేయించాలని చూడలేదు. చివర్లో ఆయన ఆ ప్రశ్న అడిగేవారు, నేను తల వంచుకుని వినేవాణ్ణి, ఇద్దరం కాసేపు ఎదురు చూసేవాళ్ళం. ఆ తర్వాత అమ్మగారు టీ తెచ్చేవారు. నిజం చెబుతున్నాను, నా బతుకులో దేవుడికి దగ్గరగా కూర్చున్నది ఆ కాసేపే. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ప్రశ్న మాత్రం ఆయన మానలేదు.

రెండేళ్ళ కిందట నాకు పని మారి ఆదివారం ఛుట్టీ వచ్చింది. అందరూ అదృష్టమన్నారు. నిండు గుడిలో, పెళ్ళాం పిల్లలతో, తబలాతో, మంచి గొంతులతో ఆరాధన. అక్కడ కూర్చుని నేను గురువారం కోసం బెంగపడేవాణ్ణి. నవ్వకండి. "ప్రియమైన సంఘమా" అని ఆయన వందమందిని చూసి అంటుంటే నాకు ఉక్రోషంగా ఉండేది. ఈలోగా రోలింగ్ మిల్లులో కొత్తగా చేరిన టెక్కలి అబ్బాయికి మంగళవారం ఛుట్టీ అని తెలిసి, ఆయన మంగళవారం ఆరాధన మొదలుపెట్టారు. ఆ కుర్రాడి మీద నాకు అసూయ కలిగిందంటే మీరు నమ్మాలి. అంత ముసలితనంలో, ఆయాసంతో, మళ్ళీ మూడు పాటలూ పాడేవారట.

ఆ ఆయాసమే ఆయన్ని పడగొట్టింది. ఆసుపత్రిలో ఉన్నారంటే, పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తూ చూడ్డానికి వెళ్ళాను. అమ్మగారు స్టూలు నాకిచ్చి నీళ్ళకని బయటికి వెళ్ళారు. ఆయన బాగా చిక్కిపోయారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ నోరు తెరిచి అడగనిది అడిగేశాను.

"జవాబు దొరికిందా అయ్యగారూ?"

"లేదు బాబూ." ఊపిరి తీసుకున్నారు. "ఎల్తన్నాను కదా. ఎదురుగా నిలబడి అడుగుతాను." మళ్ళీ ఊపిరి తీసుకుని, "పిల్ల పేరు చెప్పు" అన్నారు.

"పేరెక్కడ పెట్టినామండీ?"

"మనసులో అనుకునుంటారు కదా ఆలూ మగలూ. నేనెల్లి పిల్ల అంటే, ఏ పిల్ల అంటే ఏటి చెప్పను? అక్కడెంతమంది పిల్లలుంటారో. నేను జవాబు అడగడమొకటే కాదు, పిల్లని చూడాలి కదా. పేరు పెట్టి పిలవాలి కదా."

అనుకున్నాం. నా భార్య, నేను, పిల్ల కడుపులో ఉండగానే అనుకున్నాం. ఆ రోజు తర్వాత ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. ఒకరి దగ్గర ఒకరం కూడా పలకలేదు. నేను వంగి ఆయన చెవిలో చెప్పాను. ఆయనకి వినబడలేదు, తల ఊపి మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి గట్టిగా చెప్పాను. పక్క మంచం మీద రోగి లేచి చూశాడు, నేను లెక్కచెయ్యలేదు. ఆయన ఆ పేరు నెమ్మదిగా పలికి, సరిగ్గా అన్నానా అన్నట్టు నా వైపు చూశారు. సరిగ్గానే అన్నారు. ఆ పేరు ఇక్కడ రాయను.

డ్యూటీ టైమైపోయింది. "వందనాలు అయ్యగారూ" అని లేచాను. తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. కాస్త నిలబడి చూస్తే తెలిసింది. దారిలో ఎక్కడా మరిచిపోకుండా మా అమ్మాయి పేరు వల్లె వేస్తున్నారు.