ముప్పైరెండు బిట్ల సేద్యం

ఫిబ్రవరి పన్నెండు, గురువారం. పొద్దుటి నుంచీ మబ్బు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టా కప్పి, అంచులకు రాళ్ళు పెడుతుండగా ఫోన్ వచ్చింది. పర్చూరులో మా కంప్యూటర్ మాస్టారు రాత్రి పోయారట.

పదో తరగతి దాటని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. మిగతాది చూసి నేర్చుకున్నాను. చర్చి స్కూలు వెనక గదిలో, ఎవరో పారేసిన ఆరు కంప్యూటర్లను బాగుచేసి, ఉచితంగా దొరికే సిస్టమ్ ఎక్కించి, కూలీల పిల్లలకూ నాలాంటి పెద్దవాళ్ళకూ సాయంత్రాలు పాఠం చెప్పేవారు.

ఇవి ముప్పైరెండు బిట్ల మిషన్లనీ, కొత్తవి అరవైనాలుగనీ ఒకరోజు చెబుతుంటే, బిట్టంటే పొలం ముక్కేననుకున్న మా పక్కచేను రైతు అడ్డు తగిలాడు.

"మన ఊళ్ళో ముప్పైరెండు బిట్లున్నోడే లేడు గదా మాస్టారూ! అరవైనాలుగు ఎవడు దున్నుతాడండీ?"

మాస్టారు నవ్వలేదు. "బాగా చెప్పావయ్యా. ఉన్నదాంట్లోనే పండిద్దాం" అన్నారు. అదే ఆయన ఊతపదమైంది.

పాత ప్రాసెసర్లకు ఇక కొత్త వెర్షన్లు ఇవ్వబోమని ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్ళు నిరుడు ప్రకటించారు. ఆ వార్త నేనే చదివి వినిపించాను.

"వాళ్ళనేం అనలేం. జీతం లేకుండా ఇన్నేళ్ళు చేశారు. కానీ ఇంకా కాయ దిగుతుంటే చేను దున్నేస్తామట్రా?"

"కొత్త వైరస్ తెగులొస్తే ఇక మందు రాదండీ" అన్నాను.

మర్నాడు వెళ్ళేసరికి ఆరింటికీ ఇంటర్నెట్ తీగలు ఊడదీసి, చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. "ఇక తెగులు గాలి సోకదులే" అన్నారు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్లెందుకని పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఆయన మాత్రం రోజూ వచ్చి, ఆరూ వెలిగించి, కాసేపు కూర్చుని వెళ్ళేవారు. నేనన్నది తప్పు కాదు. అయినా అనకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం మట్టి చేశారు. తిరిగి వస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు ఆపారు. "రేపు పాతసామాన్ల బండి వస్తుందండీ. ఇచ్చేయాలో ఉంచాలో తెలిసినవారు మీరే చెప్పాలి."

ఆ గది తాళం తీయించుకున్నాను. ఒక్కొక్కటే వెలిగించాను. అయిదు వచ్చాయి. ఆరోది ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది.

"ఏం చెప్పమంటారు?" అని గుమ్మంలోంచి అడిగారావిడ.

"ఆగండమ్మా, ఇంకా వస్తోంది" అన్నాను.

ఇంటికి చేరేసరికి చినుకులు. కల్లంలో పట్టా ఒక మూల లేచి కొట్టుకుంటోంది. పొద్దున ఫోన్ రాగానే వదిలేసిన రాయి వెతికి దాని మీద పెట్టాను.