చెనక్కాయల ప్యాకెట్టు మీద తాత ఫొటో

మా చిన్నప్పుడు... పేపర్లో రైతు ఫొటో కనిపిస్తే చాలు, మా అవ్వ మొదట దండం పెట్టేది. ఎవరు, ఏ ఊరు అన్నది ఆ తర్వాతే అడిగేది. చదువు రాకపోయినా, రైతు ఫొటో పేపర్లో ఎందుకు వేస్తారో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పులు, ఎండిన బోర్లు, పురుగుల మందు... మా జమ్మలమడుగు పక్క పల్లెల్లో అది అందరికీ తెలిసిన కథే.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు పోటీలో గెలిచానని మా గవర్నమెంటు బడి నుంచి జపాన్ పంపించారు. అక్కడ కొన్ని రోజులు పల్లెలో ఒక రైతు ఇంట్లో ఉండి, వాళ్లు బతికే తీరు చూడాలి. పాప విమానమెక్కుతోందని ఊరంతా ఒకటే సంబరం. నాకు మాత్రం మనసు మనసులో లేదు. ఈ చెనక్కాయ పంటే ఆఖరు, ఇంక సేద్యం చేయనని నాయన ఇంట్లో చెప్పేశాడు. చేను వదిలేయడమంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

ఆ పల్లెలో దిగగానే నన్ను ఒక అంగడికి తీసుకుపోయారు. చుట్టుపక్కల రైతులే తమ పంట తెచ్చి పెట్టుకునే అంగడి అది. చూస్తే... చెనక్కాయల ప్యాకెట్లు! ప్రతిదాని మీదా టోపీ పెట్టుకున్న ముసలాయన ఫొటో, కింద పేరు. అయ్యో పాపం అనుకుని, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టాను.

కళ్లు తెరిస్తే పక్కన అదే ముసలాయన... నిక్షేపంలా ఉన్నాడు. నాకు ఎదురు దండం పెడుతున్నాడు. నేను ఉండాల్సింది వాళ్లింట్లోనే అట.

ఆ తాత, ఆయన ఇంటావిడ ఆ అవ్వ... ఏం మనుషులండీ! అవ్వకు నడుము వంగిపోయింది, అయినా తెల్లారేసరికి చేలో ఉండేది. పీకిన చెట్లను మనలాగే కాయలు లోపలికి పెట్టి కుప్పగా వామి వేస్తారు. మనలాగే పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటారు.

సాయంత్రం కాయలు ఏరడానికి నన్నూ కూర్చోబెట్టుకునేవాళ్లు. మచ్చ ఉన్న కాయ ఒక్కటి కూడా పోనిచ్చేది కాదు అవ్వ. ఫొటో వేసుకున్నాక చెత్త కాయ పోస్తే ఊళ్లో మొహం ఎట్లా చూపించాలి అనేది. మా కాయలేమో ప్రొద్దుటూరు మిల్లులో పోశాక ఏవి ఎవరివో కూడా తెలియదు. పెళ్లిచూపులకు పోయేవాడిలా తయారై ఆ ఫొటో దిగాడని తాతను అవ్వ ఆటపట్టించేది. నాకు తోడుగా ఉన్న అక్కడి కాలేజీ అమ్మాయి అదంతా ఇంగ్లీషులో చెబుతుంటే పడి పడి నవ్వాను.

అప్పుడే తాత అడిగించాడు, అంగడిలో దండం ఎందుకు పెట్టావని. దాచలేదు. మా వైపు రైతు చనిపోతేనే ఫొటో వేస్తారు అని చెప్పేశాను. ఆ మాట ఆయనకు చెప్పడానికి ఆ అమ్మాయి చాలాసేపు తడుముకుంది. తాత చేతిలోని కాయలు కింద పెట్టాడు.

"మీ నాన్న బాగున్నాడా?"

బాగున్నాడన్నాను గానీ ఏడుపు ఆగలేదు.

వచ్చేరోజు ఒక ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. మీ నాన్నకివ్వు, ఒక రైతు ఇంకో రైతుకు పంపించాడని చెప్పు అన్నాడు.

ఇది చూస్తే నాయన మనసు మారుతుందని గంపెడాశతో ఇంటికొచ్చాను. పేరు, ఫొటో వేసుకుని, తలెత్తుకుని సేద్యం చేసేవాళ్లు ఉన్నారు నాయనా అని ఒకటే చెప్పాను. నాయన ఆ ఫొటో చూస్తూ అంతా విన్నాడు.

"నవ్వు శానా బాగుండాది ఈయప్పది. ఆడ నీళ్లు ఎట్లొస్తాయి పాపా?"

వానలు బాగా పడతాయని, కాలువ కూడా ఉందని చెప్పాను.

"నీళ్లుంటే నేను గూడా ఇట్లే నవ్వుతాంటి."

ఆ పంట అమ్మి, నాయన చిలమకూరు దగ్గర ఫ్యాక్టరీలో గేటు కాడ పనికి చేరాడు. చేను బీడు పడింది. పోనీలే, కొడుకు కళ్లముందు ఉన్నాడు, అదే పదివేలు అంది మా అవ్వ.

మా నాయన ఫొటో అచ్చయింది అప్పుడే... మెడలో వేసుకునే కార్డు మీద, కింద 'సెక్యూరిటీ' అని. అన్నేళ్లు చెనక్కాయ పండించిన మనిషికి చేలో దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే... తీద్దామంటే చేలో పంట లేదు.

మీ ఇంట్లో ఇంకా సేద్యం చేస్తున్నవాళ్లు ఉన్నారా? ఈ వారం చేలోకి పోయి, వాళ్లను నవ్వించి ఒక ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. పేరు, ఊరు కూడా రాయండి. మనకు తిండి పెట్టేవాళ్ల మొహం ఒకసారి చూసుకుందాం... వాళ్లు బతికి ఉండగానే.