పదిసార్లూ మూసి ఉన్న లేజర్

గత బుధవారం మా ప్రొఫెసర్‌గారు కన్నుమూశారు. ఆఫీసులో మీటింగ్ మధ్య సార్ భార్య, మా ఆంటీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మీ సార్ వెళ్ళిపోయారమ్మా. పొద్దున కూడా టీలో అల్లం తక్కువైందని నాతో దెబ్బలాడారు" అని ఏడుస్తూనే నవ్వారు.

పన్నెండేళ్ళ కిందట అమెరికాలో, పిస్కాటవేలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేశాను. పట్టపగటి వెలుతురులో కలిసిపోయిన బలహీనమైన లేజర్‌ను కనిపెట్టడం మా పని. ఎండైనా బల్బైనా, మామూలు వెలుతురులో అలలు ఎవరి దారి వాటివే. లేజర్ అలలు అడుగు కలిపి నడుస్తాయి. అందుకే వచ్చిన వెలుతురును రెండుగా చీల్చి, ఒక పాయను కాస్త ఆలస్యం చేసి మళ్ళీ కలిపేవాళ్ళం. లేజర్ ఉంటే తెర మీద గీత ఎగసిపడుతుంది. లేకపోతే చదునుగా పడుకుంటుంది.

ల్యాబ్‌లో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా "దొరికింది" అంటే, సార్ వాళ్ళను తెర ముందు కూర్చోబెట్టి, తాను చాటుకు వెళ్ళి లేజర్‌ను తన ఇష్టం వచ్చినట్టు మూసి తెరిచేవారు. ఉందో లేదో మనం చెప్పాలి. "ముసలాయనతో దాగుడుమూతలు" అని సీనియర్లు నవ్వుకునేవారు.

నా వంతు వచ్చేనాటికి కాన్ఫరెన్స్‌వాళ్ళు నా పేపర్ తీసుకున్నారు, పీహెచ్‌డీ చివరి పరీక్ష, డిఫెన్స్, తేదీ కూడా ఖాయమైంది. పదిసార్లూ "ఉంది సార్" అన్నాను.

"పదిసార్లూ మూసే ఉంచానమ్మా" అన్నారాయన.

ఎండను తగ్గించడానికి నేను పెట్టిన ఫిల్టర్ మరీ సన్ననిది, దాదాపు ఒక్క రంగునే రానిస్తుంది. అంత సన్నగా ఒకే రంగును వడకడితే మామూలు వెలుతురు కూడా కాసేపు లేజర్‌లా అడుగు కలుపుతుంది. అది తెలిసీ మరిచిపోయాను.

"సార్, డిఫెన్స్ పోతుంది. వీసా కూడా…"

"వీసా కాగితం, ఆ ఐ-ట్వంటీ, ఎక్స్‌టెండ్ చేయిద్దాం. ముందు పేపర్ విత్‌డ్రా చేద్దాం. ఆ ఫిల్టర్‌కి ఓకే చెప్పింది నేనేగా?"

కాన్ఫరెన్స్‌వాళ్ళకు ఆ మెయిల్ నా ఎదుటే రాశారు. పొరపాటు తనదేనన్నారు. నిజంగా ఆయన ఓకే చెప్పారా? నాకైతే గుర్తులేదు.

రాసిన ప్రతి అంకెనూ మూడుసార్లు చూసుకునే మనిషిని నేను, అయినా ఇంత తప్పు చేశాను. ఇక చదువు మానేద్దామనుకున్నాను. "నిన్ను నువ్వు అనుమానించుకుని ఏం లాభం? పరికరాన్ని అనుమానించు, అదైతే ఏడవదు" అన్నారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు: "కనిపించిందని ఎవరైనా చెప్తారు. ఏం చేస్తే కనిపించకుండా పోతుందో చెప్పు."

మరిన్ని రంగులను రానిచ్చే ఫిల్టర్ పెట్టి, ఆరు నెలలు అన్నీ మళ్ళీ కొలిచాను. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం లేజర్‌ను పార్కింగ్ లాట్ అవతలి కొసన పెట్టించారు. సార్ అక్కడ, నేను మూడో అంతస్తులో, మధ్య సెల్‌ఫోన్.

"ఇప్పుడు?"

"ఉంది సార్."

"ఇప్పుడు?"

"లేదు."

"గట్టిగా చెప్పమ్మా!"

"లేదు సార్, లేనే లేదు."

పదో జవాబు కూడా చెప్పేశాను. మళ్ళీ తప్పానేమోనని కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కార్ల వరసల అవతల, ఎండలో, సార్ రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. అప్పుడే కారు దిగిన ఒకావిడ తనకే అనుకుని, చేతిలోని సంచులు కింద పెట్టి, ఆయనకు తిరిగి చేతులూపింది.