చప్పుడు లేని కారు, భాగ్యమ్మ ముగ్గు

2024 ఎండాకాలం. అల్వాల్‌లో నేను డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. కాలేజీ పిల్లల నుంచి రిటైరైన టీచర్ల దాకా అందరి పక్కనా కూర్చున్నాను, ఇక నన్ను భయపెట్టే బండి లేదనుకునేదాన్ని. కౌకూర్‌లో ఉండే యాదగిరి గారు నా పొగరు దించారు.

ఆయనకు మేడ్చల్‌లో స్టీలు ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఇరవై ఏళ్లు ఒకే డీజిల్ జీపు తోలిన మనిషి, అరవైకి దగ్గరపడ్డాక ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు కొన్నారు. ఆదివారం షికార్లకు కాదు, రోజూ పనికి వెళ్లడానికే. రెండు రోజులు తోలేసరికి మెడ పట్టేసింది, నన్ను పిలిపించారు.

దానికి కారణం వన్ పెడల్ డ్రైవింగ్. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే బండి ఆగుతుంది. ఆయన జీపు అలవాటుకొద్దీ శామీర్‌పేట రోడ్డు మీద ఊరికే కాలు తీసేవారు. ప్రతిసారీ నా తల ముందుకు విసిరేసినట్టయ్యేది. పైగా అది మా స్కూలు కారు కాదు కాబట్టి డ్యూయల్ కంట్రోల్, అంటే నేర్పేవాళ్ల వైపు ఉండే రెండో బ్రేకు, అందులో లేదు. నా కాలు మాత్రం గంటసేపూ ఆ లేని బ్రేకు కోసం వెతుకుతూనే ఉండేది. ఇంటికెళ్లినా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

నేర్పడం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున ఆరింటికి వాళ్లింటి ముందే ఎక్కాం. ఆయన రివర్స్ వేశారు. వెనక సెన్సర్ బీప్ బీప్‌మని మొత్తుకుంది.

"అది గేటు మేడమ్. రోజు గట్లనే ఒర్లుతది" అన్నారాయన.

నాకెందుకో మనసొప్పలేదు, స్క్రీన్ వంక చూశాను. కింది అంచున తెల్లటి గీత, దాని పక్కన గాజుల చెయ్యి.

"కాలు తియ్యుండ్రి" అని అరిచాను. బ్రేకు అని ఉంటే ఆ కంగారులో ఏది తొక్కేవారో తెలియదు. కాలు తీశారు. కారు ఉన్నచోటే ఆగింది.

దిగి చూస్తే వాళ్లావిడ భాగ్యమ్మ మాకు వీపు పెట్టి ముగ్గు వేస్తోంది. బంపరుకూ ఆమెకూ మధ్య జానెడు దూరం. యాదగిరి గారూ దిగారు. భయమే కోపమై, బండి వస్తుంటే పక్కకు జరగాలని తెలియదా అని ఆమె మీద కేకలేశారు. ఆమె ముగ్గు గిన్నె కింద పెట్టి నింపాదిగా లేచింది.

"ఇరవై ఏండ్లు నీ జీపు దగ్గుడు ఇనంగనే లేసి జరిగిన. పోయొస్త అని ఒక్కనాడన్న నోటితోని జెప్పినవా?"

ఈ కారు చప్పుడే చెయ్యదు. అద్దాలు, సెన్సర్లు, స్క్రీను అన్నీ నేర్పాను గానీ, ఇంట్లోవాళ్లు బండిని చెవితో కనిపెడుతూ బతుకుతారన్న సంగతి నాకు తట్టనే లేదు. దానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పట్నుంచి ఎలక్ట్రిక్ కారు నేర్చుకునే ఎవరినీ నేరుగా సీట్లో కూర్చోనివ్వను. ముందు బండి చుట్టూ తిరగాలి, ఇంట్లోకి ఒక కేక వేయాలి. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

మొన్న పొద్దున కౌకూర్‌లో వాళ్లింటి మీదుగా వెళ్తున్నాను. వాకిట్లో ముగ్గు వేయడం ఎప్పుడో అయిపోయింది, దారిలో ఎవరూ లేరు. అయినా యాదగిరి గారు కారు పక్కన నిలబడి "భాగ్యా, పోయొస్త" అని పిలిచారు. లోపల్నుంచి "ఆఁ, పోయిరా" అని వినబడేదాకా డోరు మీద చెయ్యి వేయలేదు.