మూడో ఫ్లాపీ

1998 జూన్‌లో నన్ను బందరుకు బదిలీ చేశారు. ఉత్తర్వులో మచిలీపట్నం అని ఉంటుంది గానీ ఆ ఊరి వాళ్లెవరూ బందరు తప్ప మరో మాట అనరు. నా హోదా ప్రోగ్రామర్. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. దివిసీమలో సముద్రం వైపున్న ఇరవై రెండు గ్రామాల్లో సొంత ఇల్లు లేని కుటుంబాల వివరాలు కాగితాల మీద రాయించి తెచ్చారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పక్కా ఇళ్లకు అర్హుల జాబితా తీయడం మా విభాగం పని. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక ఏసీ గది, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, నేను, డేటా ఎంట్రీ ఆపరేటర్ నాగమణి. ఆ గదిలోకి వెళ్లాలంటే ఎంతటి అధికారైనా చెప్పులు గుమ్మం బయట విడవాల్సిందే.

నాగమణిది నాగాయలంక దగ్గర ఒక పల్లె. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. ఇంటర్ అయ్యాక బందరులో పిన్ని ఇంట్లో ఉండి టైపు, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకుంది. మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. ఆరు నెలలకోసారి పై అధికారి సంతకం పెడితేనే ఉద్యోగం ఉన్నట్టు. ఆ పల్లె నుంచి ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చున్న మొదటి మనిషి తనేనని ఒకసారి చెప్పింది. గొప్పగా చెప్పలేదు, భయంగానే చెప్పింది.

ఆమె పని పద్ధతి నాకంటే ముందే అక్కడ స్థిరపడి ఉంది. ఒక్కో గ్రామానికి ఒక్కో ఫ్లాపీ. ఈ కాలం వాళ్లు ఫ్లాపీని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను: అరచేతిలో పట్టే పలుచటి ప్లాస్టిక్ బిళ్ల, పైన జరిగే రేకు మూత, లోపల సమాచారం దాచే గుండ్రటి పొర. కంప్యూటర్ చెడిపోయినా సమాచారం పోకుండా దానిలోకి ఒక నకలు తీసుకునేవాళ్లం. దాన్నే బ్యాకప్ అంటారు. నాగమణి ఆ రోజు ఏ గ్రామం కాగితాలు ఎక్కించిందో సాయంత్రం ఆ గ్రామం ఫ్లాపీలోకి నకలు తీసి, దాన్ని తెరిచి నాలుగు పేర్లు చదివి చూసి, అప్పుడు డబ్బాలో పెట్టేది. లేబుళ్ల మీద ఊళ్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసుకుంది. నాకది చాదస్తంగా కనిపించింది.

ఎందుకంటే నేను అప్పటికే ఆదివారం సభ మనిషిని. కోనేరు సెంటర్ దగ్గర ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఆదివారం పొద్దున్నే పది పన్నెండు మందిమి చేరేవాళ్లం. కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు వాళ్లు, సొంత కంప్యూటర్ ఉన్న ఇద్దరు డాక్టర్లు. గుడివాడ నుంచి టెలిఫోన్ ఇంజనీర్ ప్రసాద్ గారు పాసింజర్ బండిలో వచ్చేవారు. కంప్యూటర్ పత్రికల్లో వచ్చిన వార్తలు చదువుకోవడం, వాటి మీద కొట్టుకు చావడం మా కాలక్షేపం. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయా, ఫ్లాపీ బతుకుతుందా, విండోస్ గొప్పా లినక్స్ గొప్పా. లినక్స్ అంటే డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగలిగిన వ్యవస్థ. ఒక పత్రిక దాన్ని సీడీలో పెట్టి ఊరికే పంచింది. ఆ సీడీ నా చేతికి వచ్చిన రోజు నుంచి నేను మనిషిని కాదు.

ఆగస్టులో ఒక ఆదివారం బ్యాకప్ మీద వాదన పడింది. లినక్స్‌లో సమాచారం మొత్తాన్ని ఒకే మూటగా కుదించి, వరసగా ఫ్లాపీల మీదికి ఎక్కించవచ్చని నేను గంటసేపు దంచాను. ఇరవై రెండు ఫ్లాపీల సరుకు తొమ్మిదింటిలో పడుతుందని లెక్క చూపించాను. ప్రసాద్ గారు అంతా విని, కుదించిన మూటలో మధ్యలో ఒక్క ఫ్లాపీ చెడినా దాని తర్వాతవన్నీ చేతికి రావన్నారు. ఎక్కించినదాన్ని ఎప్పుడైనా తిరిగి దించి చూశారా అని అడిగారు. చూడలేదు. చూడాలంటే రెట్టింపు సమయం పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా, గుడివాడ ఎక్స్ఛేంజిలో ఫోన్లు ఎందుకు పలకవో ఇప్పుడర్థమైందన్నాను. అందరూ నవ్వారు. వాదన నేను గెలిచినట్టు లెక్క.

గెలిచినవాడు ఊరుకుంటాడా. మర్నాడే ఆఫీసు కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, ఇకపై శనివారం శనివారం బ్యాకప్ నేనే తీస్తానని చెప్పాను. నాగమణి ఫ్లాపీల్లో తొమ్మిదింటిని చెరిపి వాడుకున్నాను. మిగిలిన పదమూడూ చెరిపించి, ఉత్తరాలు టైపు చేసి దాచుకోవడానికి పక్క సెక్షన్‌కు ఇచ్చేశాను. పాతవి కొన్నాళ్లు ఉంచుదామా సార్ అని ఆమె ఒక్కసారి అడిగింది. అక్కర్లేదన్నాను. ఊళ్ల పేర్ల లేబుళ్లు తనే గోటితో గీకి తీసి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసిచ్చింది.

దసరాకు ఆయుధపూజ చేశాం. అప్పట్లో ఏ ఆఫీసులో కంప్యూటర్ ఉన్నా ఆ రోజు దానికి పసుపు కుంకుమ తప్పేవి కావు. మా పై అధికారే మానిటర్‌కు బొట్టు పెట్టి, గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. నేను హారతి కళ్లకద్దుకుని, రెండుసార్లు పులిహోర పెట్టించుకున్నాను. నాగమణి ఫ్లాపీల డబ్బా తెరిచి ఒకటో దానికీ తొమ్మిదో దానికీ లేబుల్ మీద చిన్న చుక్కలు పెట్టింది. వాళ్ల ఊళ్లో పూజప్పుడు ఒడ్డున వరసగా ఉన్న పడవల్లో మొదటిదానికీ ఆఖరిదానికీ బొట్టు పెడితే అన్నిటికీ పెట్టినట్టేనట.

ఆ తర్వాత రెండు శనివారాలు బ్యాకప్ తీశాను, అవే తొమ్మిదింటి మీద. మూడో వారం సోమవారం కంప్యూటర్ టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. హార్డ్ డిస్క్ పోయింది. ఫర్వాలేదు, బ్యాకప్ ఉందని అధికారికి ధీమాగా చెప్పి కొత్త డిస్క్ తెప్పించాను. ఒకటి, రెండు ఫ్లాపీలు దిగాయి. మూడోది మధ్యలో ఆగింది. పది సార్లు ప్రయత్నించాను. మిగతా ఆరింటినీ విడిగా పెట్టి చూస్తే కంప్యూటర్ శుభ్రంగా చదివింది, కానీ మూడోది లేకుండా అవి దేనికీ పనికిరావు. ప్రసాద్ గారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఇరవై రెండు గ్రామాల్లో నాలుగు మిగిలాయి.

మూడో ఫ్లాపీ రేకు మూత జరిపి దీపం కింద పెట్టి చూశాను. లోపల పొర అద్దంలా ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు, దుమ్ము కూడా లేదు. వాడి వాడి అరిగిన ఫ్లాపీ, అంతే. ఇది నాకు ఆ రోజే తెలుసు. ఇన్నేళ్ల తర్వాత తెలిసిందని చెప్పుకునే వీలు కూడా లేదు.

అధికారి ఇరవై నాలుగు గంటల్లో నివేదిక అడిగారు. అలాంటి నివేదికలో కారణం అనే గడి ఒకటి ఉంటుంది, దాన్ని నింపకుండా ఫైలు పైకి పోదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ గడిలో ఇలా రాశాను: ‘ఆయుధపూజ సందర్భంగా ఆపరేటర్ ఫ్లాపీలకు పసుపు, కుంకుమ పూసినందున రేణువులు లోపలికి చేరి సమాచారం చెడినది.’ కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే అధికారి దాని మీద సంతకం పెట్టారు. మానిటర్ బొట్టు గురించి నేను రాయలేదు, ఆయన అడగలేదు.

ఆ మధ్యాహ్నం నాగమణిని పిలిచి కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పాను. కారణమూ చెప్పాను. కాసేపు డబ్బా వైపు చూసింది.

“మూడో దానికి నేను బొట్టు పెట్టలేదండీ,” అంది. “ఒకటో దానికీ తొమ్మిదో దానికీ పెట్టాను. ఆ రెంటినీ కంప్యూటర్ చదివింది కదండీ.”

అధికారితో మాట్లాడమన్నాను. ఆమె మాట్లాడలేదు. గుమ్మం బయట చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత చేసింది ఇంకా సిగ్గుచేటు. ఆ వచ్చే ఆదివారం సభలో ఫ్లాపీకి పూజ చేసిన ఆపరేటర్ కథ చెప్పి నవ్వించాను. ఎవరో పత్రికకు రాయమంటే ఉత్తరం రాశాను. అచ్చయింది. మన దేశంలో సాంకేతిక విజ్ఞానం మూఢనమ్మకాల చేతుల్లో ఎలా నలిగిపోతోందో చూడండి అని దానికి సంపాదకుల వ్యాఖ్య కూడా జోడించారు. రెండు నెలల పాటు దాని మీద పాఠకుల వాదోపవాదాలు నడిచాయి. సభలో కథ చెప్పిన రోజు ప్రసాద్ గారు ఒక్కరే నవ్వలేదు. “చెడింది ఎన్నోదండీ?” అని అడిగారు. మూడోది అన్నాను. మరుసటి ఆదివారం నుంచి సభకు రావడం మానేశారు.

కాగితాలు ఉన్నాయి కాబట్టి జాబితా పోలేదు. ముగ్గురు కొత్త ఆపరేటర్లు కూర్చుని మళ్లీ ఎక్కించారు, ఇళ్ల మంజూరు ఆ మేరకు ఆలస్యమైంది. ఈసారి బ్యాకప్ ఎలా తీయాలో రాతపూర్వకంగా సూచనలు ఇమ్మని అధికారి అడిగితే ఒక పేజీ రాసిచ్చాను. గ్రామానికి ఒక ఫ్లాపీ. ఏ రోజు పని ఆ రోజు నకలు. తెరిచి నాలుగు పేర్లు చదివి చూశాకే డబ్బాలో పెట్టాలి. లేబుల్ మీద ఊరి పేరు తెలుగులో. ఆ సూచనలు బాగున్నాయని మా శాఖలో మిగతా జిల్లాలకూ పంపారు. రెండేళ్లకు నాకు పదోన్నతి వచ్చినప్పుడు సర్వీసు పుస్తకంలో వాటి ప్రస్తావన ఉంది. నాగమణి ఏమైందో నాకు తెలియదు. కనుక్కోవడం కష్టమేమీ కాదు, నాగాయలంక బస్సు గంటకొకటి ఉండేది. నేను కనుక్కోలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. తిరిగి చదివి చూడని నకలు నకలు కాదు. తప్పు చేసినవాడి చేతే కారణం రాయిస్తే, ఆ గదిలో అందరికంటే చిన్న ఉద్యోగి పేరు పడుతుంది. మొదటిది నా సూచనల పేజీలో రాశాను. రెండోది ఇప్పుడు రాస్తున్నాను.