పచ్చ గుడ్డ

జూన్ మొదటి వారంలో, ఉదయం పదిన్నరకు కొండ మీది సైనిక పోస్టు చేరాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోలు. మంచు కరిగి కొండంతా గడ్డి. అక్కడ తొమ్మిది మంది, రైఫిల్ పటాలం వాళ్ళు. వాళ్ళకు వైర్‌లెస్ ఆపరేటర్‌ని నేను, నెల్లూరు పక్క మైపాడు వాణ్ణి.

ఆ పటాలం పరేడ్ దుస్తులు ముదురు ఆకుపచ్చ, బొత్తాలు నలుపు. ఎందుకో వాళ్ళ హవల్దారుకే తెలియదు. సెలవులన్నీ నెల్లూరు లైబ్రరీలో గడిపినవాణ్ణి, ఊరుకుంటానా? చెప్పాను. పూర్వం ఇంగ్లీషు సైన్యం ఎర్రకోట్లతో వరసకట్టి కాల్చేది. జర్మన్ రాజులు మాత్రం గురి తప్పని వేటగాళ్ళనూ, అడవి కాపలాదార్లనూ రైఫిళ్ళతో చేర్చుకున్నారు. వాళ్ళది ఆకుపచ్చ బట్ట. చెట్ల చాటున విడివిడిగా నక్కి కాల్చేవాళ్ళు. అది చూసి ఇంగ్లీషువాళ్ళు తమ రైఫిల్ పటాలాలకూ ఆ రంగే వేశారు. మెరవకూడదని బొత్తాలు నలుపు.

"అంటే కనపడకుండా ఉండటమే మన ఉద్యోగం," అన్నాడు హవల్దారు. "మా ఆవిడ కూడా అదే అంటుంది మాస్టరూ."

ఆగస్టులో ఒక ఉదయం ఆరింటికి, నీళ్ళ పైపు సరిచేస్తూ ఆయన జారి నలభై అడుగులు పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రక్తం ఆగలేదు. "మధ్యాహ్నం లోపల ఆసుపత్రికి చేరాలి," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్ నా చెవిలో.

హెలికాప్టర్‌కి గుర్తుగా పరిచే గుడ్డలు రెండు: పసుపు, ఆకుపచ్చ. ఆ రోజు ఏది పరచాలో కింది క్యాంపు చెబుతుంది. ఆ గుడ్డ కనపడకపోతే దిగరు. కింది ఆపరేటర్‌ది ఏలూరు. తొందరలో ఇద్దరం తెలుగులోకి దిగాం.

"అన్నా, పచ్చది పరిచెయ్. ఎనిమిదిన్నరకి వస్తది."

"పచ్చదే గదా?"

"పచ్చదే అన్నా. కానియ్."

ఆకుపచ్చది పరిచాను. గడ్డి మీద. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను.

హెలికాప్టర్ రెండు చుట్లు తిరిగింది. మబ్బు కమ్ముకొచ్చింది. వెనక్కి వెళ్ళిపోయింది.

"గుడ్డేదన్నా?" రేడియోలో అరిచాడు.

"పరిచినాను గదబ్బా, ఆకుపచ్చది!"

గరగరలోంచి అతని గొంతు.

"పసుపన్నా... మా వైపు పచ్చంటే పసుపు."

ఆ రోజు మబ్బు విడవలేదు. పన్నెండూ నలభైకి ఆయన పోయాడు.

విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాను. భాష పొరపాటని రాసుకున్నారు. గడ్డిలో ఆకుపచ్చ ఎందుకు కనపడదో ఆ పోస్టులో అందరికీ పాఠం చెప్పింది నేనేనని ఎవరూ రాయలేదు.

అక్టోబరులో కొండ దిగాను. ఇప్పుడు మా ఊరి దగ్గరే ఇందుకూరుపేటలో ఉంటున్నాను. పుస్తకాలు ఇంకా చదువుతాను, అలవాటు కొద్దీ. కళ్ళు మూస్తే మాత్రం ఒక్కటే. స్ట్రెచర్ మీద హవల్దారు. పైన హెలికాప్టర్ వెనక్కి మళ్ళుతోంది. దిగుతోందనుకుని ఆయన చెయ్యెత్తి ఊపుతున్నాడు.