హెల్మెట్‌తో తేల్చబోయిన కంప్యూటర్ భాష

"మా సార్ చెప్పాడు" అన్న మాటను మీరెప్పుడైనా పరీక్షించారా? గోదావరిఖని దగ్గర మా గని ఆఫీసులో, స్కాన్ చేసిన ఫైళ్లను షిఫ్టులవారీగా విడదీసే చిన్న ప్రోగ్రామ్ కావలసి వచ్చింది. ఏ భాషలో రాయాలన్నదే తగువు.

"పైథాన్‌లనే రాయాలె. మా కోచింగ్ సార్ చెప్పిండు," అన్నాడు మా గనిలో పనిచేసే శ్రీను.

"నీ సార్ ఏమన్న దేవుడా, బావా? మా సార్ పవర్‌షెల్ అన్నడు," అంటూ తోటి పనివాడు రాజన్న అతని కాలర్ పట్టాడు.

శ్రీను హెల్మెట్ ఎత్తి కొట్టాడు. రాజన్న కనుబొమ్మ చీలి కీబోర్డు రక్తంతో తడిసింది. దవాఖానలో కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది అదృష్టం వల్ల కాదు, డాక్టరు వల్ల.

తిరిగొచ్చి నేను కంప్యూటర్ తెరిచాను. పవర్‌షెల్ అందులో ముందే ఉంది. పైథాన్ లేదు, ఎక్కించే అనుమతీ లేదు. విషవాయువు ఉందేమోనని పరీక్షించనిదే గనిలో అడుగుపెట్టని ఆ ఇద్దరూ ఇది చూడనేలేదు.

చెయ్యెత్తకండి. ముందు తెరిచి చూడండి!